ఎక్స్ఛేంజి పడిపోయిందని చెప్పని రోజులు

మా తమ్ముడి కూతురు స్వప్న ఒక కంపెనీలో ఫోన్ దగ్గర కూర్చుంటుంది. ఈమెయిల్ పనిచేయడం లేదని ఫోన్ చేసేవాళ్ళకు దారి చూపించడం ఆమె ఉద్యోగం. మొన్నో ఆదివారం మా ఇంటికి వచ్చి, ముందున్న చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా కూర్చుంది. ఏమైందని అడిగితే నెమ్మదిగా చెప్పింది. అంతకు ముందు రోజు వాళ్ళ మెయిల్ సర్వరే పడిపోయిందట. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని పైనుంచి ఉత్తర్వు. ఫోన్ చేసినవాళ్ళను పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టమనాలి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేయమనాలి, అప్పటికీ రాకపోతే మెయిల్ ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించుకోమనాలి.

"ఒకాయన నేను చెప్పినట్లే అంతా తీసేసిండు పెద్దనాన్నా. దాచుకున్న పాత మెయిల్స్ అన్నీ పోయినయట. ఆయన కంప్యూటర్‌ల ఏం తప్పు లేదని నాకు ఎరుకనే. ఎరుకుండే చెప్పిన," అంది.

నేను ఈమెయిల్ పుట్టకముందు మనిషిని. కానీ ఆ పిల్ల చెప్పింది నాకు కొత్త కాదు. ఇదే పని, ఇదే ఉత్తర్వు, ఇవే అబద్ధం కాని అబద్ధాలు. ఎనభైల్లో టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ మెకానిక్‌గా పంజాగుట్ట, అమీర్‌పేట వీధుల్లో టెలెక్స్ మెషిన్లు బాగుచేస్తూ తిరిగినప్పుడు నేనూ చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ సాహెబు ఏ కాగితం మీద సంతకం పెట్టాడు అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

పక్కోన్ని అడుగు

టెలెక్స్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పెద్ద టైపు మిషన్‌కు ఫోన్ లైన్ తగిలిస్తే ఎట్లుంటుందో అదే. ఇక్కడ కొడితే బొంబాయిలో ఉన్న మెషిన్ మీద అచ్చు పడుతుంది. లైన్ కలవగానే అవతలి మెషిన్ తన పేరు తానే కొట్టి చూపిస్తుంది. ఆ పేరు కాగితం మీద పడితే ఆపరేటర్‌కు ప్రాణం లేచి వచ్చినట్లుండేది. అప్పట్లో బొంబాయికి ట్రంకాల్ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని కొంచెం పెద్ద వ్యాపారం ఉన్నవాళ్ళంతా ఈ మెషిన్ పెట్టుకున్నారు. పంజాగుట్టలో హోటళ్ళు, టికెట్లు అమ్మే ఏజెన్సీలు, అమీర్‌పేటలో విడిభాగాల ఏజెంట్లు, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీలు, ఇవన్నీ నా జాగా. సైకిల్ హ్యాండిల్‌కు పనిముట్ల సంచి తగిలించుకుని ఎర్రగడ్డ దాకా తిరిగేవాణ్ణి.

నాకు పని నేర్పింది వహాబ్ భాయ్. వయసులో మా నాన్నంత మనిషి. పాన్ నములుతూ, ఎవరింటికి పోయినా సొంతిల్లన్నట్లు కూర్చునేవాడు. పనిలో చేరిన కొత్తలో నన్ను పంజాగుట్టలోని ఒక టికెట్ల ఏజెన్సీకి ఒంటరిగా పంపాడు. లైన్ రావడం లేదని కంప్లైంట్. నేను ఉత్సాహం కొద్దీ మెషిన్ కవరు తీశాను, లోపలివి ఒక్కొక్కటే విప్పి న్యూస్‌పేపర్ మీద పరిచాను. స్ప్రింగులు ఎగిరి సోఫా కిందికి పోయాయి. మేనేజర్ గుమ్మంలో నిలబడి, ఆపరేషన్ థియేటర్ బయట పేషెంటు చుట్టంలాగా చూస్తున్నాడు. మధ్యాహ్నం అవుతుండగా వహాబ్ భాయ్ వచ్చాడు. పరిచిన సామానంతా చూసి చాలాసేపు నవ్వాడు.

"ఏందిర నర్సింలూ, చోర్ బజార్ పెట్టినవా? పక్క హోటల్ల అడిగినవా, ఆళ్ళ లైన్ వస్తుందా అని?"

అడగలేదు. పోయి అడిగితే వాళ్ళకూ పొద్దున నుంచీ లైన్ లేదట. ఊరి టెలెక్స్ లైన్లన్నీ కలిపే ఎక్స్ఛేంజే పడిపోయింది. ఇద్దరం కలిసి మెషిన్‌ను మళ్ళీ బిగించాం. ఒక స్ప్రింగు మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఎంత చూసినా తెలియలేదు. అది లేకుండానే ఆ మెషిన్ ఏళ్ళ తరబడి నడిచింది, నేను మాత్రం ఆ గల్లీలోకి పోయినప్పుడల్లా గుండె చేత్తో పట్టుకునేవాణ్ణి.

ఆ రోజు నేర్చుకున్నది చాలా చిన్న విషయం. మెషిన్‌ను లైన్ నుంచి విడదీసి, దానికదే నడిచేట్లు మీట తిప్పి, నాలుగక్షరాలు కొట్టి చూడాలి. అక్షరాలు శుభ్రంగా పడితే మెషిన్ బాగున్నట్లే. మళ్ళీ లైన్‌కు కలిపి కాల్ బటన్ నొక్కాలి. ఎక్స్ఛేంజి బతికుంటే దీపం వెలుగుతుంది. వెలగకపోతే పక్కోన్ని అడగాలి. వాళ్ళకూ వెలగకపోతే సంచి మూసేసి ఊరుకోవాలి. ఆ గదిలో బాగుచేయాల్సింది ఏమీ లేదు. ఈమెయిల్ అయినా అంతేనని స్వప్న చెబుతుంటే అర్థమైంది. ఒక్కడికి రాకపోతే వాడి పెట్టెలో వెతకొచ్చు. అందరికీ రాకపోతే ఎవడి పెట్టెనూ ముట్టుకోకూడదు.

మూర్తి సార్ నియమం

మా టెలెక్స్ ఎక్స్ఛేంజి పాత ఇనుప సామాను, మామూలు ఫోన్లది వేరే ఎక్స్ఛేంజి. వానొస్తే కేబుళ్ళలోకి నీళ్ళు, ఎండొస్తే బ్యాటరీలకు నీరసం. ఏడాదిలో చాలాసార్లు పడిపోయేది. దాని మీద ఇంజనీరు మూర్తి సార్. ఆయన గురించి చెడ్డగా రాయడానికి నాకు చెయ్యి రాదు. ఒకరి దగ్గర పైసా ముట్టిన మనిషి కాదు. ఎక్స్ఛేంజి పడిపోతే ఇస్త్రీ చొక్కా విప్పి బనీను మీద బ్యాటరీల మధ్య దూరి, అన్నం మాట మరిచిపోయేవాడు. ఆయనకున్న రోగం ఒక్కటే, పైవాళ్ళంటే భయం.

ఎక్స్ఛేంజి పడిపోయిందని బయట ఎవరికీ చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమం. చెబితే కస్టమర్ పైకి ఫోన్ చేస్తాడు, పైవాళ్ళు సార్‌ను పిలిచి సంజాయిషీ అడుగుతారు. అందుకని కంప్లైంట్ ఫోన్ ఎత్తినవాడు "మెకానిక్‌ను పంపిస్తున్నాం" అని మాత్రమే అనాలి. మేం మెకానిక్‌లమే వంతులవారీగా ఆ ఫోన్ దగ్గర కూర్చునేవాళ్ళం. మిగతావాళ్ళం సంచులు తగిలించుకుని బయల్దేరేవాళ్ళం, తొందర లేకుండా. అమీర్‌పేటలో ఇరానీ చాయ్ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడుకుని, కస్టమర్ దగ్గరికి చేరేసరికి ఎక్స్ఛేంజి మామూలుగా లేచి ఉండేది. కాల్ బటన్ నొక్కితే దీపం వెలిగేది. "మెషిన్ ఓకే" అని చెప్పి వచ్చేసేవాళ్ళం.

ఆ మాట చెప్పడంలో వహాబ్ భాయ్‌ని మించినవాడు లేడు. జేబులోంచి మెత్తని గుడ్డ తీసి మెషిన్‌ను పెళ్ళికొడుకును తుడిచినట్లు తుడిచి, "మెషిన్ ఓకే సార్, ఫికర్ చేయకున్రి" అనేవాడు. కస్టమర్లు ఆయన చేతిలో ఏదో మహిమ ఉందనుకునేవాళ్ళు. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ సేటు అయితే ఇంకాస్త ముందుకు పోయాడు. మేం పోయేసరికి మెషిన్‌కు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టించాడు. సరిగ్గా అప్పుడే ఎక్స్ఛేంజి లేచి దీపం వెలిగింది. వహాబ్ భాయ్ నా వైపు చూడకుండా కొబ్బరి చెక్క అందుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ సేటు ఆ తర్వాత లైన్ పోయినప్పుడల్లా ముందు కొబ్బరికాయ తెప్పించి, తర్వాత మాకు ఫోన్ చేసేవాడు.

మేం బాగా నవ్వుకున్న సంగతులు ఇవి. కానీ ఇందులో ఒక నష్టం అప్పుడే కనిపించింది. ఎక్స్ఛేంజి పడిపోయిందని తెలియదు కనుక ప్రతి ఆఫీసులోనూ ఆపరేటర్ కాల్ బటన్‌ను వదలకుండా నొక్కుతూనే ఉండేది. మూర్తి సార్ చెమటలు కక్కి ఎక్స్ఛేంజిని లేపగానే ఊరందరి నొక్కుళ్ళూ ఒక్కసారి దాని మీద పడేవి. రేషన్ షాపు షట్టర్ సగం లేపితే జనం పడినట్లు. అది మళ్ళీ కూలబడేది. కాస్త ఆగండి అని చెప్పి ఉంటే ఆగేవాళ్ళు. ఆ మాట చెప్పాలంటే పడిపోయిందని ఒప్పుకోవాలి.

నేను ఒకసారి ఈ మాట మూర్తి సార్‌తో అన్నాను. ఆయన కోప్పడలేదు.

"నువ్వు చెప్పేది నిజమేనయ్యా. కానీ పైనుంచి ఫోన్ వస్తే మాట్లాడాల్సింది నువ్వా, నేనా?"

నేను సంచి తీసుకుని బయటికి నడిచాను. ఇప్పుడు స్వప్నలాంటి పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే. చెడిపోయిన వస్తువు మీ దగ్గరుంటే మీ దగ్గరుందని చెప్పండి. ఏమీ ముట్టుకోకుండా ఆగమని చెప్పండి. అవతలి మనిషి బాగున్న వస్తువును విప్పుకుని కూర్చుంటే ఆ పాపం చెప్పనివాళ్ళదే. మెషిన్లు విప్పితే మళ్ళీ బిగించవచ్చు, ఒక స్ప్రింగు తక్కువైనా నడుస్తాయి. మనుషుల సంగతి అట్లా కాదు.

షహనాజ్

అమీర్‌పేటలో ప్రసాదరావు గారని విడిభాగాల ఏజెంటు ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మాట కరుకు, మనసు చెడ్డది కాదు. ఆయన దగ్గర టెలెక్స్ ఆపరేటర్ షహనాజ్. యూసుఫ్‌గూడలో ఉండేది. తండ్రి లేడు, తల్లినీ ఇద్దరు చెల్లెళ్ళనూ ఆమె సంపాదనే నడిపేది.

నేను చూసిన ఆపరేటర్లలో అంత బాగా కొట్టిన మనిషి లేదు. వేగం ఒక్కటే కాదు. లైన్ లేనప్పుడు అందరిలాగా బటన్ నొక్కుతూ విసుక్కునేది కాదు. మెషిన్‌ను విడిగా నడిపి, పంపాల్సిన మాటలన్నీ కాగితపు టేపు మీద చిల్లులుగా కొట్టి సిద్ధంగా పెట్టుకునేది. లైన్ రాగానే ఆ టేపును మెషిన్‌కు తగిలిస్తే చాలు, తప్పు లేకుండా గడగడా పోయేది. దాని వల్ల లైన్ మీద ఉండే సమయం సగానికి తగ్గేది. ఎవరూ నేర్పకుండా తనకు తానే పట్టుకున్న పద్ధతి. మేం పోతే, "అన్నా, లైన్ ఎప్పుడొస్తదో చెప్పున్రి, గదొక్కటి చాలు," అనేది. మేం మెషిన్ తుడుస్తూ నవ్వి ఊరుకునేవాళ్ళం.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఎక్స్ఛేంజి మాటిమాటికీ పడిపోయింది. ప్రతిసారీ షహనాజ్ లైన్ లేదని చెప్పడం, ప్రసాదరావు గారు కంప్లైంట్ చేయడం, వహాబ్ భాయ్ పోయి మెషిన్ ఓకే అనడం. అయ్యగారికి అది వినీ వినీ ఆ పిల్ల మీదే అనుమానం నాటుకుంది. చివరికి ఒకరోజు బొంబాయి పార్టీకి సాయంత్రంలోగా ధర ఒప్పుకుంటూ టెలెక్స్ పోవాలి. పోలేదు. పెద్ద ఆర్డరు ఇంకొకరికి పోయింది. మర్నాడు వహాబ్ భాయ్ వెళ్ళి, ఎప్పటిలాగే గుడ్డతో తుడిచి, ఎప్పటిలాగే మాట చెప్పి వచ్చాడు.

ఆయన గుమ్మం దాటగానే ప్రసాదరావు గారు ఆఫీసులో అందరి ముందూ ఆమెను నిలబెట్టాడు. ఇదంతా తర్వాత అక్కడి క్లర్కు నాకు చెప్పాడు.

"ఏంటమ్మా ఇది? డిపార్ట్‌మెంట్ వాళ్ళు మెషిన్ బాగుందంటారు, నువ్వేమో లైన్ లేదంటావు. అందరికీ వచ్చే లైన్ నీకే ఎందుకు రాదు? నిన్న సాయంత్రం అసలు సీట్లో ఉన్నావా?"

ఉన్నానని ఆమె చెప్పింది. సిద్ధం చేసి పెట్టుకున్న టేపు తెచ్చి చూపించింది. ఆయనకు ఆ చిల్లులు ఏం తెలుస్తాయి. కావాలంటే ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి అడగమంది. ఆయన అక్కడే అందరి ముందూ చేశాడు. ఫోన్ ఎత్తింది మూర్తి సార్. నిన్న మా వైపు ఏ ఇబ్బందీ లేదండి అన్నాడు. తను ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ మాట ఎవరి మీద పడుతుందో మూర్తి సార్‌కు తెలియదు. ప్రసాదరావు గారు ఫోన్ పెట్టేసి, రేపటి నుంచి రావద్దని ఆమెతో అన్నాడు.

ప్రసాదరావు గారి దగ్గర

నెల గడిచాక మెషిన్‌కు నూనె వేయడానికి నేను పోతే ఆ కుర్చీలో యాదగిరి అని ఒక నడివయసు టైపిస్టు ఉన్నాడు. షహనాజ్ ఏదని అడిగాను. క్లర్కు గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాడు. నేను నూనె డబ్బా కింద పెట్టి నేరుగా అయ్యగారి గదిలోకి పోయాను. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అది ధైర్యం కూడా కాదు, ఒళ్ళు మండింది, అంతే.

"సార్, ఆ రోజు సాయంత్రం ఊరంతా లైన్ లేదు. ఎక్స్ఛేంజి పడిపోయింది. ఆమె అబద్ధం చెప్పలేదు," అన్నాను.

"మరి మీవాళ్ళు బాగుందన్నారేంటి?"

"మెషిన్ బాగుందన్నారు సార్. ఎక్స్ఛేంజి సంగతి బయట చెప్పొద్దని మాకు ఉత్తర్వు."

ఆయన మొహంలో రంగు మారింది. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఆడపిల్లని అందరిలో నిలబెట్టి అడిగానయ్యా," అన్నాడు. తర్వాత, ఆమెను రమ్మని చెప్పమన్నాడు. అదే ఉద్యోగం, అదే కుర్చీ అన్నాడు. అంతవరకూ ఆయన్ను నేను మెచ్చుకుంటాను. తప్పు తెలిసిన క్షణంలోనే ఒప్పుకునే యజమానులను నా జన్మలో ఎక్కువమందిని చూడలేదు.

ఆ సాయంత్రం వహాబ్ భాయ్‌కి చెప్పాను. పాన్ నమలడం ఆపేశాడు. ఆయనకు ఆ పిల్ల ఉద్యోగం పోయిందన్న సంగతే తెలియదు. "నా మాట మీద తీసేసిన్రా?" అని రెండుసార్లు అడిగాడు. నేను సైకిల్ తీశాను. సైకిళ్ళ మీద ఇద్దరం యూసుఫ్‌గూడ పోయాం. చెక్‌పోస్టు దగ్గర ఒక బేకరీలో కౌంటర్ వెనుక కూర్చుని బిస్కెట్లు తూస్తోంది షహనాజ్. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. చాయ్ ఇప్పిస్తానంది. వద్దన్నాం. చివరికి నేనే చెప్పాను, అయ్యగారు మళ్ళీ రమ్మన్నారని.

ఆమె తూకం పూర్తి చేసి, పొట్లం కట్టి, ఎదురుగా ఉన్న మనిషికి ఇచ్చి పంపింది.

"సార్ పిలిచిండ్రు, మంచిదే. కానీ నన్ను అందరి ముంగట అబద్ధాలదాన్ని చేసిన్రు అన్నా. మీరు మెషిన్ ఓకే అన్న జాగలనే, గా మనుషుల ముంగటనే, లైన్ ఎందుకు రాలేదో చెప్పాలె. చాచా చెప్పాలె."

వహాబ్ భాయ్‌కి రిటైర్మెంటు దగ్గర పడింది. మూర్తి సార్‌కు తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నేను ఆయన తప్పించుకుంటాడనుకున్నాను. "వస్త బేటా," అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటకు నేను ఆయన మీద పెట్టుకున్న కోపమంతా పోయింది.

రేపటి సంగతి

శనివారం పొద్దున ప్రసాదరావు గారి ఆఫీసులో అందరూ ఉన్నారు. షహనాజ్ వచ్చి మెషిన్ పక్కన నిలబడింది. యాదగిరి లేచి కుర్చీ ఇవ్వబోతే వద్దంది. వహాబ్ భాయ్ సంచి తేలేదు, గుడ్డ తేలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు నిలబడ్డాడు.

"గా రోజు నేనొచ్చి మెషిన్ ఓకే అన్న. మెషిన్ ఓకేనే. కానీ ముందురోజు ఎక్స్ఛేంజి పడిపోయి ఉండె. నాకు ఎరుకనే. చెప్పలే. గంతకు ముందు సుత ఎన్నోసార్లు పడిపోయింది, అప్పుడు సుత చెప్పలే. గీ పిల్ల చెప్పిందే నిజం," అన్నాడు.

ప్రసాదరావు గారు ముందుకు వచ్చి, "నేనూ తొందరపడ్డానమ్మా. మనసులో పెట్టుకోకు. కూర్చో," అని కుర్చీ చూపించాడు. ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

షహనాజ్ వహాబ్ భాయ్‌కి సలాం చేసింది.

"మీరు వచ్చి చెప్పిన్రు చాచా, చాలు. ఒక్కటి అడుగుత. రేపు మళ్ళ లైన్ పోతది. సార్ ఫోన్ చేస్తరు. అప్పుడు ఏం చెప్తరు?"

వహాబ్ భాయ్ నా వైపు చూశాడు. నేను మెషిన్ వైపు చూశాను. మూర్తి సార్ నియమం నియమంగానే ఉంది. రేపు మళ్ళీ మెకానిక్‌ను పంపిస్తున్నామనే చెబుతాం, ఎల్లుండి మళ్ళీ ఈ గదిలోకే వచ్చి ఆ మాటే అంటాం. కాదని ఆ పిల్ల మొహం మీద అబద్ధం చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

"రేపటి సంగతి రేపు చూద్దాంలేమ్మా," అన్నాడు ప్రసాదరావు గారు.

"రేపు సుత గీ కుర్చీల ఉండేది నేనే కద సార్," అంది షహనాజ్.

ఎవరి మీదా కోపం చూపించలేదు. మెషిన్ మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. బేకరీకి టైమవుతుందని చెప్పి వెళ్ళిపోయింది. మేం ఆపలేదు. ఏం చెప్పి ఆపుతాం. ఆ తర్వాత ఆమె ఇంకే ఆఫీసులోనూ ఆపరేటర్‌గా చేరలేదు. నాకు తెలిసిన రెండు మూడు చోట్ల అడిగించాను, రానంది. అంత చక్కటి చెయ్యి బిస్కెట్లు తూచడంతో సరిపోయింది. ఆ పని తక్కువని కాదు. ఆమె ఇష్టపడి ఎంచుకున్న పని అది కాదు, అదీ నా బాధ.

వహాబ్ భాయ్ ఆ తర్వాత మెషిన్‌ను గుడ్డతో తుడవడం మానేశాడు. ఆయన చేసింది మూర్తి సార్‌కు ఎట్లాగో తెలిసింది. సార్ ఆయన్ను గదిలోకి పిలిచాడు. సస్పెండ్ చేస్తాడని మేమంతా బయట నిలబడ్డాం. కాసేపటికి వహాబ్ భాయ్ వచ్చి, "ఏమనలే. గా పిల్ల పేరేందని అడిగిండు," అన్నాడు.

ఆ వానాకాలం వెళ్ళిపోకముందే ఎక్స్ఛేంజి ఇంకోసారి పడిపోయింది. ఫోన్ దగ్గర ఆ రోజు నా వంతు. పక్క టేబుల్ దగ్గర మూర్తి సార్ బ్యాటరీల గదిలోకి పోవడానికి చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. మొదటి ఫోన్ పంజాగుట్ట హోటల్ నుంచి. లైన్ రావడం లేదన్నారు. నా నోటికి పాత మాటే వచ్చింది, పెదాల దాకా వచ్చి ఆగింది.

"ఎక్స్ఛేంజి పడిపోయింది. మీ మెషిన్ మంచిగనే ఉంది, ముట్టుకోకున్రి. బటన్ నొక్కకున్రి. లేవంగనే నేనే ఫోన్ చేస్త," అన్నాను.

మూర్తి సార్ చేతులు గుండీల దగ్గరే ఆగిపోయాయి. అవతల నుంచి తిట్లు వస్తాయని ఫోన్ చెవికి కొంచెం దూరంగా పెట్టుకున్నాను.

"గంతేనా? అయితే జర చాయ్ తాగొస్తం," అన్నాడు హోటల్ ఆపరేటర్, ఫోన్ పెట్టేశాడు.

రెండో ఫోన్‌కూ అదే చెప్పాను. వాళ్ళూ సరేనన్నారు. సనత్‌నగర్ నుంచి ఒకాయన కాస్త గొణిగాడు, అదీ వానను తిట్టాడు, మమ్మల్ని కాదు. పైకి ఫోన్ చేస్తానన్నవాడు ఒక్కడు లేడు. మరో ఫోన్ మోగితే మూర్తి సార్ నా చేతిలోంచి తీసుకుని, గొంతు సవరించుకుని, తానే ఆ మాట చెప్పాడు. చెప్పి నా వైపు చూడకుండా బ్యాటరీల గదిలోకి పోయాడు. ఎవరూ బటన్లు నొక్కలేదు కనుక ఎక్స్ఛేంజి ఆ రోజు లేచి, లేచిన చోటే నిలబడింది.

ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డామో అది అసలు లేనే లేదు. జనానికి కావలసింది లైన్ ఎందుకు లేదో తెలియడం, చాయ్ తాగి రావచ్చో లేదో తెలియడం. ఆ మాట మేం ఆ బొంబాయి టెలెక్స్ రోజునే చెప్పి ఉంటే చాలు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

ఆ రోజు వచ్చిన ఫోన్లలో ప్రసాదరావు గారి ఆఫీసుది కూడా ఉంది. లైన్ ఎప్పుడొస్తుందని అడిగారు. ఒక గంట పట్టవచ్చని నిజం చెప్పాను. ఆ ప్రశ్న షహనాజ్ నన్ను ఎన్నిసార్లు అడిగిందో, నేను ఎన్నిసార్లు నవ్వి ఊరుకున్నానో నాకు లెక్క లేదు. ఈసారి జవాబు చెప్పాను కానీ, విన్నది యాదగిరి.